బ్యాటరీ జేబులో పెట్టుకున్న మనిషి

మావయ్య పోయాడని ఆయనుండే చౌల్దారీ ఊరి నుంచి ఫోన్ వచ్చినప్పుడు కూడా నేను ఆయన మీద కోపంగానే ఉన్నాను. పొద్దున్నే గుమ్మంలో కూర్చుని పళ్లు తోముకుంటూ అలాగే పక్కకి ఒరిగిపోయాడట. మనిషి పోతే కోపం కూడా పోవాలని ఎక్కడా రాసి లేదు. ఇక్కడ పూలదండ దొరుకుతుందని చదవడం మొదలుపెట్టినవాళ్లు ఇప్పుడే మానేయొచ్చు.

ఆయన మా అమ్మకి అన్న, వడ్రంగి. సునామీ తర్వాత మా దీవుల్లో ఇళ్లు పోయినవాళ్లకి రేకుల షెల్టర్లు కట్టే పనికి నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. అక్కడ కరెంటు లేదు. బ్యాటరీ డ్రిల్ మిషన్ ఒక్కటే ఉండేది. ముందు సన్న బిట్‌తో బొక్క వెయ్యాలి, తర్వాత దాన్ని తీసి స్క్రూ బిగించే బిట్ పెట్టాలి. రోజంతా ఇదే మార్పిడి.

మార్చిన ప్రతిసారీ ఆయన ముందు బ్యాటరీ ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవాడు. మిషన్ మూతి చేత్తో తిప్పి వదులు చేసి, పాత బిట్ లాగి, లోపలి ఇనప పొడి ఊది, కొత్తది దూర్చేవాడు. బిగించాక వేలితో ఒక చుట్టు తిప్పి, అది వణకడం లేదని కంటితో చూసుకునేవాడు. ఒకసారి గట్టిగా లాగి చూసేవాడు. అప్పుడు గాని బ్యాటరీ జేబులోంచి వచ్చేది కాదు. అవతల జనం టార్పాలిన్ల కింద పడి ఉంటే ఈ పూజ ఏమిటని నేను మండిపడేవాణ్ణి. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉన్న మనిషి ఆ వేలే నా ముఖం ముందు ఆడించి, “సేతికి కళ్లుండవురా. నువ్వే సూడాల” అనేవాడు.

నేనప్పటికి జెట్టీ దగ్గర దొరికే చిన్నచిన్న కరపత్రాలన్నీ చదివి ఉన్నాను. శ్రమ గురించి, దోపిడీ గురించి పని జరుగుతుండగానే ఆయనకి పాఠం చెప్పేవాణ్ణి. ఆయన వినేవాడు. విని, అవే కాగితాల్లో బిట్లు చుట్టి పెట్టెలో పెట్టుకునేవాడు. కాగితం దళసరిగా ఉందట, తుప్పు పట్టదట.

మే నెల వచ్చింది. వాన ఎప్పుడైనా దిగేలా ఉంది. రేకుకి ఎత్తు ఒక వరస, పల్లం ఒక వరస ఉంటాయి కదా. నీళ్లు పల్లంలో పారతాయి కాబట్టి స్క్రూ ఎత్తు మీద పడాలి. మాకు సామానంతా ఓడ మీదే రావాలి, ఆసారి వచ్చిన స్క్రూలు పొట్టివి. పల్లంలో బిగిస్తేనే కింద కర్రకి అందుతాయి. పల్లంలోనే వేసెయ్యండి, జల్దీ కరో అని తొందరపెట్టాడు కాంట్రాక్టరు. పొడుగువి వచ్చేదాకా వెయ్యనన్నాడు మావయ్య. ఓడ కోసం జనాన్ని తడపమంటావా అని నేను ఎగిరాను. ఆయన అన్నానికి వెళ్లగానే మిషన్ తీసుకుని నిచ్చెనెక్కాను. ఆయన తిరిగొచ్చేసరికి అయిదు గదులు కప్పేశాను. కాంట్రాక్టరు నా భుజం తట్టి, “వాహ్ భయ్యా” అన్నాడు. జనం కోసం పని చేస్తున్నానని నాకు ఒళ్లు పొంగిపోయింది.

మావయ్య పైకి చూశాడు. నా చేతిలోంచి మిషన్ లాక్కుని, బ్యాటరీ ఊడదీసి జేబులో వేసుకుని, కర్రల మీద కూర్చున్నాడు.

“నీల్లు పారే సోట బొక్కలెట్టేవు. దీని కింద మీ అమ్మని పడుకోబెడతావేటిరా?”

అందరూ వింటుండగా ఆయన్ని ప్రజాద్రోహి అన్నాను. కాంట్రాక్టరు ఆ పూటే ఆయన్ని పనిలోంచి తీసేశాడు. పని ఆపి కూర్చోవడమంటే ఏమిటో నా కరపత్రాల్లో పెద్ద అక్షరాలతో ఉంది. కళ్లముందు జరిగితే నేను పోల్చుకోలేదు, కాంట్రాక్టరు పక్కన నిలబడ్డాను.

మూడో రోజు వాన. అయిదు గదుల్లోనూ గిన్నెలు, బకెట్లు పరిచారు. మావయ్య కూలి లేకుండా వచ్చి ఒక్కో బొక్కా తారుతో మూశాడు. అడిగినవాళ్లకి స్క్రూలు పొట్టివొచ్చాయి అన్నాడే గాని నా పేరు ఎత్తలేదు. తప్పు నాదని నలుగురిలో చెప్పమని పట్టుబట్టాను.

“సెప్తే వాన ఆగిపోద్దేటి?” అని నిచ్చెన దిగి వెళ్లిపోయాడు.

ఆ మాటే నాకు పడలేదు. నా తప్పుని నాకు దక్కకుండా చేసే హక్కు ఆయనకి ఎవరిచ్చారు? అప్పట్నించి నాలుగేళ్లు ఆయన ఇంటికి వెళ్లలేదు. నేను వెళ్లకుండానే ఆయన పోయాడు.

టౌన్లో, డిగ్నాబాద్ పేటలో సంతాప సభ పెట్టారు. ఎవరో పెద్దమనిషి మైకు పట్టుకుని, పాపం నోరులేని మనిషి, ఎవరికీ ఎదురు చెప్పి ఎరగడు అన్నాడు. మైకు లాక్కున్నాను. ఆయన ఎదురు చెప్పాడని, చెప్పినందుకే పని పోయిందని, పోగొట్టింది నేనేనని, ఆ బొక్కలు నా చేతివేనని మొత్తం చెప్పాను. ఆ షెల్టర్లలో ఉన్నవాళ్లు చాలామంది నా ఎదురుగానే కూర్చుని ఉన్నారు. తిడతారని చూశాను. నిజం చెప్పాలంటే తిట్టాలనే కోరుకున్నాను.

ముందు వరసలో ఒక ముసలామె చెప్పులు వెతుక్కుంటూ లేచింది.

“మాకు తెల్దేటి బాబూ. నువ్వు బొక్కలెట్టిన రోజు కింద నిచ్చెన పట్టుకుంది నేనే. నువ్వు కిందకి సూడ్నేదు.”

బస్సుకి వేళయిందని గొడుగు విప్పుకుని బయటికి నడిచింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే లేచారు. నేను మైకు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. సన్నగా జల్లు పడుతోంది. డిగ్నాబాద్ దిగుడు దారిలో ఆ నల్లగొడుగు అడుగడుక్కీ ఒక పక్కకి వాలుతూ, మళ్లీ నిలబడుతూ, కిందకి వెళ్లిపోయింది.