మేస్త్రి ఫోనుకు వచ్చిన ఓటీపీ

లాక్‌డౌన్ తర్వాత బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడాది జూన్‌లో, ముంబయిలో కామాటిపురా పక్కనున్న తెలుగు మాధ్యమం మునిసిపల్ బడిలో నన్ను కంప్యూటర్ గదికి ఇన్‌ఛార్జిగా వేశారు. నా అసలు హోదా లెక్కల టీచరు. ఇన్‌ఛార్జి అయితే జీతం పెరగదు, తాళంచెవులు మాత్రం పెరుగుతాయి. పిల్లల ట్యాబులు, ప్రింటరు, ప్రొజెక్టరు, వాటి రోగాలన్నీ నా నెత్తిన పడ్డాయి. మరమ్మతుకు అర్జీ పెడితే అది పైఆఫీసుకు వెళ్ళి, మెకానిక్ వచ్చేసరికి పరీక్షలు కూడా అయిపోయేవి. నాకు అంత ఓపిక లేదు. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని కొందరిని పోగేసి, వరండాలో ఒక బల్ల వేయించి, దానికి సహాయ డెస్కు అని పేరు పెట్టాను.

డెస్కుకు రెండే నియమాలు. మొదటిది, సాయం చేసేవాళ్ళ చేతులు వెనక్కి ఉండాలి. ఫోనైనా ట్యాబైనా దాని సొంతదారు వేలితోనే నొక్కించాలి. మనం లాక్కుని చేసి ఇచ్చేస్తే వాళ్ళు రేపు మళ్ళీ వస్తారు. రెండోది, పాస్‌వర్డు గానీ ఓటీపీ గానీ అడగకూడదు, చూడకూడదు. ఓటీపీ అంటే మనిషి నిజమో కాదో తేల్చుకోవడానికి ఫోనుకు వచ్చే అంకెలు. అవి కొడుతున్నంతసేపూ మొహం పక్కకు తిప్పుకోవాలి. పిల్లలకు ఈ మొహం తిప్పుకోవడం మహా సరదాగా ఉండేది. మెడలు విరుగుతాయేమోనని నాకే భయం వేసేది.

డెస్కు పెద్ద శ్రావణి, తొమ్మిదో తరగతి. ఆ పిల్ల కుటుంబం మూడు తరాలుగా ఇక్కడి ఒంటిగది ఇళ్ళ చాల్‌లోనే ఉంటోంది. తెలుగు, మరాఠీ, హిందీ ఒకే వాక్యంలో మాట్లాడేది. ఆదివారాలు మిగతా పిల్లల్ని వెంటేసుకుని చాల్‌లలో వసారా వసారా తిరిగి, ఓటీపీ ఎవరికీ చెప్పవద్దనీ, అడిగినవాడు దొంగేననీ ప్రచారం చేసింది, అదే మాటతో పోస్టరు కూడా అంటించింది. నేను పొంగిపోయి హెడ్మాస్టరుగారికి కూడా చెప్పుకున్నాను.

మరుసటి వేసవిలో పది పాసైన పిల్లలు పదకొండుకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకునే పని డెస్కు మీద పడింది. దరఖాస్తులో మొదటి భాగం పేరు, మార్కుల వివరాలు. రెండో భాగంలో కావలసిన కాలేజీలను వరసగా ఎంచుకోవాలి. రెండోది గడువులోగా పెట్టకపోతే ఆ విడతలో సీటు రాదు, దగ్గరి కాలేజీలు నిండిపోతాయి. ఆఖరి రోజు మధ్యాహ్నం మా బడిలోనే పది పాసైన మమత వచ్చింది. వాళ్ళది పాలమూరు వైపు నుంచి వచ్చిన కూలీ కుటుంబం. మంచి మార్కులు వచ్చాయి. అయితే నడిచి వెళ్ళేంత దూరంలో కాలేజీ దొరికితేనే చదువు, లేకపోతే నాగ్‌పాడాలో బ్యాగులు కుట్టే పనికి పంపుతానని తండ్రి తేల్చి చెప్పాడట. ఆ పిల్ల రెండో భాగం పెట్టలేదు. పైగా పాస్‌వర్డు మర్చిపోయింది.

కొత్త పాస్‌వర్డు కావాలంటే దరఖాస్తులో ఇచ్చిన నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఎవరిదని అడిగితే మమత నేల చూపులు చూసింది. అది వాళ్ళ గుంపు మేస్త్రి ఆశన్నది. పనికి మనుషుల్ని కుదిర్చి తెచ్చేవాణ్ణి గుంపు మేస్త్రి అంటారు. గుంపులోవాళ్ళు రీఛార్జి అయిపోగానే సిమ్ పారేస్తారు. ఆశన్న నంబరు మాత్రం ఏళ్ళ తరబడి మారలేదు. అందుకని గ్యాసుకైనా రేషనుకైనా బడికైనా అందరూ అతని నంబరే ఇస్తారు. ఒక చిన్న బటన్ ఫోను ఒక ఊరంత సంసారాన్ని మోస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

శ్రావణి అతనికి ఫోను చేసి స్పీకరు పెట్టింది.

“ఓటీపీ ఎవ్వరికీ చెప్పొద్దని మీరే గదా బిడ్డా చెప్పింది,” అన్నాడు ఆశన్న. “అడిగినోడు దొంగ అని గూడ చెప్పిన్రు.”

“తాతా, నేను శ్రావణిని. మన చాల్‌ల మాట్లాడిన గదా.”

“గొంతు గట్లనే ఉంది. దొంగ గొంతులు గూడ చేస్తున్నరంట గదా ఇప్పుడు.”

హెడ్మాస్టరుగారు ఫోను అందుకుని తానెవరో చెప్పారు. దొంగలు కూడా బ్యాంకు మేనేజరునని చెప్పుకుంటారని ఆశన్న మర్యాదగానే జవాబిచ్చాడు. బడికి రమ్మంటే, నాగ్‌పాడాలో స్లాబు పోస్తున్నామనీ, పోత మొదలయ్యాక మేస్త్రి కదలకూడదనీ అన్నాడు. ఈలోగా ఓటీపీ గడువు దాటి పనికిరాకుండా పోయింది. మమత ఏడవలేదు గానీ దుపట్టా కొస నోట్లో కుక్కుకుంది.

“టీచర్, ఆయన రాకపోతే మనమే పోదాం, చలా,” అంది శ్రావణి.

ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ముగ్గురం ఫాక్‌లాండ్ రోడ్డు మీదుగా బయల్దేరాం. హ్యాండ్‌కార్టుల మధ్య నా నడక చూసి పిల్లలు నవ్వు ఆపుకున్నారు. ఆశన్న కిందికి దిగి వచ్చాడు, మోచేతుల దాకా సిమెంటు. మమ్మల్ని కళ్ళారా చూశాక కూడా అంకెలు చెప్పనన్నాడు. నాకు మండింది. నోరు తెరవబోతుండగా శ్రావణి చేతులు వెనక్కి కట్టుకుని అతని ముందు నిలబడింది.

“నువ్వు చెప్పకు తాతా. నువ్వే కొట్టు.”

ఆశన్న సరేనన్నాడు. చేతులు కడుక్కుని, లుంగీకి తుడుచుకుని, ఇసుక బస్తాల మీద పెట్టిన ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. నా ఫోను నుంచి నెట్ ఇచ్చాను. కొత్త ఓటీపీ వచ్చింది. మేమంతా మొహాలు గోడవైపు తిప్పుకున్నాం. చూడ్డానికి వచ్చిన కూలీలను కూడా అతనే అదిలించాడు. “మొకాలు అటు తిప్పుండ్రి. టీచరమ్మ తిప్పలేదా?” తట్టలు నెత్తిన పెట్టుకునే వాళ్ళంతా అటు తిరిగారు. ఒక్కొక్క అంకెనూ పైకి చదవకుండా, పెదవులు బిగబట్టి కొట్టాడు. పేజీ తెరుచుకుంది. మమత కొత్త పాస్‌వర్డు పెట్టుకుంది, కాలేజీలు వరసగా ఎంచుకుంది, గడువుకు ముందే దరఖాస్తు వెళ్ళిపోయింది. స్లాబు దగ్గర అందరికీ వచ్చిన చాయ్ మాకూ పోశారు. అంత రుచైన చాయ్ నేను స్టాఫ్ రూములో ఎన్నడూ తాగలేదు.

మమతకు నడిచి వెళ్ళేంత దూరంలోనే, గ్రాంట్ రోడ్ దగ్గరి కాలేజీలో కామర్స్ సీటు వచ్చింది. ఆ వారమే హెడ్మాస్టరుగారు పోస్టరులో ‘బడివాళ్ళకు తప్ప’ అని చేర్చమన్నారు. రేపు దొంగలు కూడా బడివాళ్ళమనే చెప్తారు గదా సార్ అంది శ్రావణి. ఆయన నావైపు చూశారు. పిల్ల మాటే సరైనదన్నాను. పోస్టరు అలాగే ఉంచాం. మార్చింది మా పద్ధతినే. నంబరు రాసుకునేటప్పుడు ఈ ఫోను ఎవరి జేబులో ఉంటుందని అడగడం మొదలుపెట్టాం. అవసరమైతే డెస్కే ఆ జేబు దగ్గరికి నడిచి వెళ్ళేది.

ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. పాఠం బుర్రకెక్కిందో లేదో పరీక్ష పెట్టి తెలుసుకోవచ్చని అనుకునేదాన్ని. నేర్చుకున్నవాడు నేర్పినవాళ్ళకే లొంగకుండా నిలబడినప్పుడు అది అంతకంటే బాగా తెలుస్తుందని ఆ స్లాబు దగ్గర తెలుసుకున్నాను.