ఇద్దరూ చచ్చిపోయే సినిమా

ఫోన్లో పాత సినిమాల జాబితా తిప్పుతుంటే, రాణీ సిపాయీ ఇద్దరూ చచ్చిపోయే ఆ కోటల కాలపు సినిమా ‘ప్రేమకథలు’ వరుసలో కనిపించింది. ఎవరు చేర్చారోగానీ, చూసిన క్షణాన నానిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, పక్క కార్ఖానాలో చద్దర్లు నేసే మగ్గాల టకటక అన్నీ కలిసి నన్ను మరాఠీ ఊళ్లో మా తెలుగువాళ్ల వాడ, భవాని పేట్‌లోని మా అరుగు మీద కూర్చోబెట్టాయి.

వానాకాలపు మధ్యాహ్నాలు, జొన్నరొట్టెలూ పల్లీల కారమూ తిన్నాక, వాడలోని ఆడవాళ్లంతా చేటలు ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడానికి మా అరుగెక్కేవారు. వాళ్లలో చక్కని కట్టుబాటొకటి ఉండేది: వారానికొకరు సినిమాకు వెళ్లాలి, ఆమె వంతు బీడీలు మిగతావాళ్లు చుట్టాలి, మర్నాడు ఆమె కథంతా పాటలతో సహా చెప్పాలి. అందరికన్నా బాగా చెప్పేది నాన్న చెల్లెలు, మా చిన్నత్త. ఆ రాణీ సిపాయీల సినిమాకు ఎనిమిదేళ్ల నన్నూ వెంట తీసుకెళ్లింది.

అప్పటికి రెండు నెలల కిందటే, మరాఠీ అబ్బాయిని చేసుకుంటానని చిన్నత్త అన్నందుకు ఇంట్లో పెద్ద గొడవైంది. అతనికి వేరే పిల్లతో పెళ్లయిపోయింది. ఆ మాటెత్తితే నాయనమ్మ ‘రెండు దినాల పిచ్చి’ అని కొట్టిపారేసేది.

మర్నాడు చిన్నత్త కథ చెబుతుంటే ఆకు కోసే కత్తెరలు ఆగిపోయాయి. ఇద్దరూ చనిపోయారనగానే నాయనమ్మ తేల్చేసింది.

“పెండ్లే కాలే. గిది ప్రేమ పిక్చర్ ఎట్లయితది? ఏడుపు పిక్చర్.”

“పెండ్లి కాకుంటే ప్రేమ కాకుండ పోతదా, అవ్వా?” అని తల్లిని అడిగింది చిన్నత్త.

కత్తెరలు మళ్లీ ఆడాయి. ఆమె అడుగుతున్నది తన గురించేనని నాకు తప్ప అందరికీ తెలుసు. పక్కింటి లక్ష్మక్క మాట మార్చబోయి, “పోరి గూడ చూసింది గదా, దాన్నే అడుగున్రి” అంది. చిన్నత్త ఎంతో ఆశగా నావైపు చూసింది.

నేనేమో గుర్రాలూ కత్తులూ చూసి మురిసినదాన్ని. “ప్రేమ లేదు, గీమ లేదు. లడాయి పిక్చర్” అన్నాను.

అరుగంతా గొల్లున నవ్వింది. నాయనమ్మ నా వీపు తట్టింది. చిన్నత్త కూడా నవ్వి, ఇంకో ఆకు చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత వంతు వచ్చినా సినిమాకు వెళ్లలేదు, కథ చెప్పలేదు. మరుసటి ఏడు ఇంట్లోవాళ్లు చూసిన సంబంధమే చేసుకుని భివండీ వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ అరుగు లేదు, అక్కడ మొబైల్ దుకాణం వెలిసింది. బీడీలు చుట్టేవాళ్లు ఇంకా ఉన్నారుగానీ, ఒకరి సినిమా కోసం పదిమంది చుట్టే వంతులు లేవు. నాయనమ్మ ఎప్పుడో పోయింది, నిరుడు చిన్నత్తా పోయింది. ఆ రోజు నేనేం చేశానో పెద్దయ్యి తెలుసుకున్నాక ఎన్నిసార్లు భివండీ వెళ్లానో. ‘గది ప్రేమనే, అత్తా’ అని ఒక్క మాట అనలేక, ప్రతిసారీ పిల్లల చదువుల గురించి మాట్లాడి వచ్చేశాను.