బుజ్జిబాబు పేరు మీద ఐదు రిపోర్టులు

మా రైల్వే ఊళ్ళోని తాల్‌బగీచా పేటలో, మా గోడకి అవతలి ఇల్లు మీనాకుమారిది. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్లో వంట చేస్తుంది. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. అయినా రక్తపరీక్ష కాగితం చేతికిస్తే ఏ అంకె ఎక్కడుండాలో గడగడా చెబుతుంది. రైల్వే స్కూల్లో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు అందులో ఒక్క ముక్క తెలియదు.

నిరుడు ఆవిడ తన కాలేయంలో సగం పైగా తమ్ముడికి ఇచ్చింది. తమ్ముడు బుజ్జిబాబు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. పెళ్ళి చేసుకోకుండా అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. కామెర్లు ముదిరి కాలేయం పాడైపోతే కోల్‌కతాలో ఆపరేషన్ చేశారు. ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ మీనాకుమారిని కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. మనిషి పైకి బాగానే కనిపించినా లోపల చెడు మొదలైతే రక్తం ముందే చెప్పేస్తుందట. సీఆర్‌పీ అని ఒక అంకె, తెల్లకణాల్లో రెండు రకాల మధ్య ఉన్న నిష్పత్తి ఇంకొకటి. ఈ రెండూ పెరుగుతూ పోతే కొత్త కాలేయానికి గండం. వెంటనే తీసుకొస్తే చాలామందిని కాపాడుకోవచ్చు. అందుకని వారం వారం పరీక్ష చేయించి ఫోటో పంపమంది.

మీనాకుమారికి పొద్దున్నే క్యాంటీన్ డ్యూటీ. అదే వర్క్‌షాపులో పనిచేసి రిటైరై ఇంట్లో ఉన్న భర్త గణపతిరావే బావమరిదిని స్కూటర్ మీద పూరీ గేట్ దగ్గర ల్యాబుకి తీసుకెళ్ళేవాడు. సాయంత్రం రిపోర్టు రాగానే ఆవిడ గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచేది.

"సూడండి టీచరమ్మా, సీఆర్‌పీ మూడే ఉంది. నా ముక్క వాడికి బాగా అతికినాది!"

ఐదు వారాలు ఐదు రిపోర్టులు, అన్నీ బంగారంలాంటివే. ఈలోగా బుజ్జిబాబు మొహం పీక్కుపోయింది, అన్నం సగంలో వదిలేస్తున్నాడు. నాకు అనుమానం రాకపోలేదు. "రిపోర్టు బాగుంది కదండీ" అని ఆవిడంటే నోరు మూసుకున్నాను. కళ్ళెదుట మనిషిని వదిలేసి కాగితాన్ని నమ్మాం ఇద్దరమూ. నన్ను నేను తిట్టుకోని రోజు లేదు.

ఐదోసారి డాక్టరమ్మ, శరీరం కొత్త కాలేయాన్ని తోసెయ్యకుండా ఇచ్చే మందు రక్తంలో ఎంతుందో కూడా చూడమంది. రెండు రోజులకి ఫోన్ చేసి విరుచుకుపడింది. "మందు చుక్క కూడా లేదు. మాత్రలు ఎందుకు మానేశారు?"

మీనాకుమారి నిర్ఘాంతపోయింది. రెండు పూటలా ఆ మాత్ర తన చేత్తో వేసి, మింగేదాకా ఎదురుగా నిలబడే మనిషి ఆవిడ. తమ్ముడివంక చూసింది. వాడు బావవంక చూశాడు. గణపతిరావు తల దించుకున్నాడు.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. వర్క్‌షాపులో పూర్వం హాజరుకి ఇత్తడి బిళ్లలుండేవి. గేటు దగ్గర నీ బిళ్ల పడితే నువ్వు డ్యూటీలో ఉన్నట్టే లెక్క. గణపతిరావుకి నాటకాల పిచ్చి. రిహార్సల్ ఉన్నప్పుడల్లా అతని బిళ్ల బుజ్జిబాబు వేసేవాడు. వేలిముద్ర మిషను వచ్చాక గానీ ఆ ఆట కట్టలేదు. పూరీ గేట్ ల్యాబులో ఆ మిషను లేదు. పేరు పిలిస్తే ఎవరు చెయ్యి చాపితే వారి రక్తమే తీస్తారు. ఐదు వారాలూ చెయ్యి చాపింది గణపతిరావు.

"జొరం వొస్తందక్కా," అన్నాడు బుజ్జిబాబు, గోడకి ఆనుకుని. "అంకె పెరిగితే మల్లీ ఆ అద్దాల గదిలో పడేస్తారు. ఆ గొట్టాలు, ఆ గంటలు... నావల్ల కాదు. బావని నేనే బతిమాలినాను."

"వారం పది రోజుల్లో తగ్గిపోద్దన్నాడు మీనా," అన్నాడు గణపతిరావు. "ఎన్నేళ్ళు నా బిళ్ల ఏసినోడు. కాదనలేకపోయినాను."

గోడ ఇవతల ఉన్న నాకు ఒళ్ళు మండిపోయింది. మీనాకుమారి మాత్రం గొంతు పెంచలేదు.

"నన్ను కోసిన రోజున నాకూ బయ్యమేసింది," అంది భర్తతో. "ఆ బల్ల మీదికి నా బదులు ఎవర్నైనా పంపినానా?"

ఆ పూటే తమ్ముడి చెయ్యి తనే పట్టుకుని ల్యాబుకి తీసుకెళ్ళి, సూది గుచ్చేదాకా వదల్లేదు. సీఆర్‌పీ నూట పద్దెనిమిది. నిష్పత్తి రెండు దాటకూడనిది పద్నాలుగు. మందు మాత్రం ఉండాల్సినంతే ఉందని రెండు రోజులకి తేలింది. ల్యాబుకెళ్ళిన మర్నాడే కోల్‌కతాలో డాక్టరమ్మ ఐదు పాత కాగితాలూ, ఈ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూసింది. పిత్తనాళంలో మొదలైన చీము లోపలంతా పాకిపోయిందని చెప్పింది. "మూడో వారంలో తెచ్చి ఉంటే, దీదీ..." అంది. తొమ్మిదో రోజున బుజ్జిబాబు పోయాడు. అక్క ఇచ్చిన ముక్క కూడా వాడితోనే కాలిపోయింది.

దినవారాలన్నీ అయ్యాక ఒక సాయంత్రం నేను వాళ్ళింట్లో ఉన్నాను. గణపతిరావు మంచం మీద కూర్చుని ఉన్నాడు. మీనాకుమారి బీరువాలోంచి ఆ ఐదు రిపోర్టులూ తీసింది. నా దగ్గర పెన్ను అడిగి తీసుకుంది. ఒక్కొక్క కాగితం మీదా బుజ్జిబాబు పేరు కొట్టేసి, కింద గణపతిరావు అని తెలుగులో గుండ్రంగా రాసింది. ఐదూ అయ్యాక అతని ఒళ్ళో పెట్టింది.

"మీయే ఇవి, దాసుకోండి. మీకు ఏ జబ్బూ లేదు."