పరదా చంద్రమ్మ

కిషన్‌బాగ్ టాకీసులో వయసంతా ధారపోసిన చంద్రమ్మ ఒక్క సినిమా కూడా ఆఖరిదాకా చూడలేదు. ఈ మాట వింటే అందరూ నవ్వుతారు. నవ్వాల్సిన సంగతి కాదిది.

ఆ టాకీసు మొదట్లో రేకుల షెడ్డు. ముందు నేల, వెనక బెంచీలు, అన్నిటికన్నా వెనక ఆడవాళ్లు కూర్చునే జనానా, దాని ముందు మందపాటి పరదా. దీపాలు ఆరాక పరదా తెరవాలి, మళ్లీ వెలిగేలోపు మూసెయ్యాలి. వెలుతురులో ఆడవాళ్లు మగవాళ్ల కంటబడ్డారా, ఇక లొల్లే! షెడ్డు కాలంలో ఆ పరదా తాడు లాగింది చంద్రమ్మ అత్త. గోడలు లేచాక అది కోడలి చేతికొచ్చింది. కోడళ్లకు నగలిచ్చే అత్తలుంటారు. ఈమెకు తాడు దక్కింది.

ఆపరేటర్ గంట కొట్టగానే పరదా పడాలి. టాకీసు యజమాని పెద్ద సేటుకు భయపడి అతను కథ ముగియకముందే కొట్టేవాడు. తల్లీ కొడుకూ ఒకరినొకరు గుర్తుపట్టబోయే వేళకు పరదా పడిపోయేది. తెరమీద శుభం అన్న మాట మగవాళ్లకే కనిపించేది. ఆడవాళ్లు మాత్రం సేటును వదిలేసి చంద్రమ్మను తిట్టేవారు.

"నీ చేతులిరగ! జర ఆగరాదే!"

వాళ్లయినా కూర్చుని తిట్టేవారు. పరదా లోపలివైపు గోడకానుకుని నిలబడే చంద్రమ్మకు ఆ యోగమూ లేదు. పనిమనిషికి కుర్చీ ఎందుకన్నది పెద్ద సేటు న్యాయం. నిలబడి నిలబడి ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. ఎలా ఉన్నాయని ఏ సేటూ అడిగిన పాపాన పోలేదు.

మొన్న పెద్ద సేటు మనవడు, ఇప్పటి చిన్న సేటు, కబురు పంపాడు. టాకీసు పడగొట్టి ఫంక్షన్ హాలు కడుతున్నారట. ఆఖరి ఆటగా పాత సినిమా ఒకటి వేస్తారట, పాత పనివాళ్లకు ముందు వరసలో కుర్చీలట. చంద్రమ్మ పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది.

"ఇయ్యాల శుభం పడేదాక లేవ," అని మనవరాలు సోనీకి చెప్పింది. ఇద్దరూ జల్‌పల్లి నుంచి ఆటోలో వచ్చారు.

ఎప్పుడో తీసేసిన పరదాను ఆ పూట కోసం మళ్లీ కట్టించారు. చంద్రమ్మ అటు చూడలేదు. ఎవరైనా తన కుర్చీలో కూర్చుంటారేమోనని ఇంటర్వెల్‌లోనూ లేవలేదు. కథ చివరికొచ్చింది. తప్పిపోయిన కూతురు గడప ముందు నిలబడింది, తల్లి తలుపు తీయబోతోంది. అప్పుడే చిన్న సేటు వచ్చి పక్కన వంగాడు.

"చంద్రమ్మా, జర లేవమ్మా. పరదా గుంజాలె. వీడియో తీస్తున్నరు, మస్తుగుంటది."

"అయిపోనీ బాబూ. జరంతసేపే."

"లైట్లు రాకముందే గద గుంజేది? నీకు తెల్వదా?"

తెలియకేం! ఒక బతుకంతా తెలిసిన పనే. ఒళ్లు మండిపోయింది, అయినా లేచింది. సేటు పిలిస్తే లేవకుండా ఉండటం అత్త ఆమెకు నేర్పలేదు. వెనక్కి నడిచి తాడు లాగింది. కెమెరా దీపం కళ్లలో కొడుతుంటే తెర కనిపించలేదు. పరదా పడింది. చప్పట్లు మోగాయి. ఎవరో ఆమె భుజాల మీద శాలువా కప్పారు.

తిరుగు దారిలో, ఆటోలో సోనీ ఫోన్ తీసింది. "గా సినిమా దీంట్ల ఉంటది అమ్మమ్మా. లాస్టు సీను పెట్టాల్నా?"

"సినిమా ఎవలిక్కావాలె బిడ్డా," అంది చంద్రమ్మ, శాలువా విప్పి ఒళ్లో కుక్కుకుంటూ. "కూసున్నదాన్ని లేపకుంటె సాలనుకున్న."