బొమ్మ ఇటుకల సగం తోరణం

తోర్వాల్డ్ చేతికి కొత్త పనిముట్టు ఏది వచ్చినా ముందు ఒక ముక్కాలిపీట చేసి చూపించాలి. అది ఆయన పెట్టే పరీక్ష. గ్రిన్‌స్టెడ్ ఊరి బడిలో విరిగిన బల్లలూ ఊడిన తలుపులూ కారే గొట్టాలూ బాగుచేస్తూ ఉద్యోగమంతా గడిపినవాడు. రంపం కొన్నా పీటే, ఉలి కొన్నా పీటే. పింఛను తీసుకుని ఇంట్లో కూర్చున్నాక చేతికి కంప్యూటర్ వచ్చింది. అందులో, ఒకదానిమీద ఒకటి నొక్కి అతికించే ప్లాస్టిక్ బొమ్మ ఇటుకలతో తెరమీదే కట్టడాలు కట్టుకునే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయని తెలిసింది. ఇంకేముంది, వాటన్నిటిచేతా వరసబెట్టి పీటలు వేయించడం మొదలుపెట్టాడు.

ఆ సీమలో బొమ్మ ఇటుకలు లేని ఇల్లుండదు, చీకట్లో వాటిని తొక్కి కుయ్యోమనని తండ్రీ ఉండడు. పెరిగి పెద్దయినా ఆ పిచ్చి వదలనివాళ్ళకి ఊళ్ళో ఒక సంఘం ఉంది. బుధవారాల్లో ఊరి హాల్లో చేరి, కాఫీ తాగి, మీగడ కేకు తిని, ఇటుకల సంగతులు మాట్లాడుకుంటారు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో తేల్చి చెప్పే బాధ్యత తోర్వాల్డ్‌ది. ఎవరూ అప్పగించలేదు, ఆయనే నెత్తికెత్తుకున్నాడు.

"పాతదాన్ని చేసినవాళ్ళే వదిలేశారు. కొత్త ముక్కల పేర్లు దానికి తెలీవు. కానీ ఎంత నికార్సయిందో! ఇటుక సరిగ్గా కూర్చోకపోతే కూర్చోనివ్వదు, అత్తగారి లాగా" అనేవాడు. "రెండోది బొమ్మలు గీయడంలో దిట్ట. వెలుగూ నీడా ఎంత బాగా పడతాయంటే చెయ్యి చాపి తీసుకోబుద్ధేస్తుంది. కాకపోతే ఒక ఇటుక ఇంకోదాని కడుపులో దూరినా కిక్కురుమనదు. మూడోదుంది చూశారూ, అది గుమస్తా. ఈ ముక్క ఈ రంగులో ఎవరూ చెయ్యలేదంటుంది, ఇక్కడ గుద్దుకుంటోందని ఎర్రగా చూపిస్తుంది, కొనాల్సినవి రాసిస్తుంది. నా ముసలి కంప్యూటర్‌కి మాత్రం ఆయాసమొస్తోంది."

సంఘంలో అందరికన్నా పాతకాపు పాల్లె. ప్రతి ఇటుకనీ అంకెలు కొట్టి నిలబెట్టే నాలుగో పద్ధతి ఆయనది. మౌస్ పట్టినవాడు అసలు ఇటుకలు కట్టేవాడే కాదని ఆయన మతం. తోర్వాల్డ్ చెప్పిందంతా విని, కేకు నముల్తూ, "మరీ తీసిపారేసేటట్టు లేదు" అన్నాడు. ఆ సీమలో మెచ్చుకోలు చాలా పొదుపుగా వాడతారు. ఆ ఒక్క మాటకి తోర్వాల్డ్ వారం రోజులు ఈల వేసుకుంటూ తిరిగాడు.

ఇలాంటి మనిషికి గెర్డా అనే అక్క ఉంది. తల్లి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. మొదటి భర్త పోయాక చాలా ఏళ్ళు ఒంటరిగా ఉండి, డెబ్బై దగ్గర పడుతుండగా ఓడల్లో వంటవాడిగా చేసిన విగ్గోని పెళ్ళాడింది. ఊరు ముక్కున వేలేసుకుంది. వాళ్ళు మాత్రం హాయిగా చెట్టపట్టాలేసుకుని తిరిగారు. ఆ పెళ్ళికి ఇప్పుడు పన్నెండున్నర ఏళ్ళు నిండబోతున్నాయి.

అక్కడ పన్నెండున్నర ఏళ్ళకి రాగి పెళ్ళి, పాతికకి వెండి పెళ్ళి అని పండగ చేస్తారు. రాగి పెళ్ళినాడు తెల్లవారేసరికి ఇరుగుపొరుగు కలిసి గుమ్మానికి సగం తోరణం కడతారు. ఒక పక్క నిలువునా ఎక్కి, తలుపు నడినెత్తి దాకా వచ్చి ఆగిపోతుంది. మిగతా సగం వెండి పెళ్ళికే. వీధిలో అది చట్టం లెక్క.

"సగం చాల్లేరా" అంది గెర్డా తమ్ముడికి కాఫీ పోస్తూ, నవ్వుతూనే. "పూర్తిది వచ్చేసరికి నాకు తొంభై దాటిపోతాయి, మీ బావకి ఇంకా పైన. దొరికిన సగానికే సంతోషిస్తాం."

తోర్వాల్డ్ కూడా నవ్వాడు గానీ కప్పు కింద పెట్టేశాడు. ఆ సగమైనా అక్క జన్మలో మరిచిపోలేనంత బాగా ఉండాలని అక్కడే పంతం పట్టాడు.

తోరణాల పని ఎప్పుడూ పక్కింటి ఇర్మాది. ఆవిడ తీసిపారేసింది. "సగమేగా! నాలుగు దేవదారు కొమ్మలు కొట్టుకొచ్చి గోడకి మేకులతో దిగేస్తే సరి. దానికింత హైరానా ఎందుకయ్యా?"

"కొమ్మలు నాలుగు రోజుల్లో ఎండిపోతాయి. మా అక్కకి ఇటుకలతో కడతా."

"నీ ఇష్టం. వంకరగా వస్తే మాత్రం నేను కట్టానని చెప్పకు."

పాతదానికి ఆకుల ముక్కలు తెలియవు, పక్కనపెట్టాడు. మూడోదానిలో, అదే గుమస్తాలో, కట్టాడు. అది ఎర్రగా చూపించిన చోటల్లా విప్పి మళ్ళీ వేశాడు. కట్టినదాన్ని రెండోదానిలోకి తీసుకెళ్ళి ఉదయపు ఎండ పడేలా బొమ్మ తీయించాడు. పచ్చని సగం తోరణం, పైన రాగిరంగు గంట. బుధవారం హాల్లో చూపిస్తే కేకు కోస్తున్నవాళ్ళు కూడా కత్తి ఆపేశారు. ఇర్మా కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసింది.

ఇటుకలొచ్చాయి. తోర్వాల్డ్ గ్యారేజీలో నేలమీద పడుకోబెట్టి, సంఘమంతా కలిసి అతికించారు. రేపు రాగి పెళ్ళనగా మధ్యాహ్నం నలుగురూ పట్టుకుని లేపి, మెల్లగా చేతులు వదిలారు.

తోరణం ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తాగినవాడిలా పక్కకి ఒరిగి, ఫెళ్ళున కూలింది. పచ్చ ఇటుకలు కారు కిందకీ పెయింటు డబ్బాల వెనక్కీ దొర్లుకుంటూ పోయాయి.

తోర్వాల్డ్ తల పట్టుకుని అక్కడే చతికిలబడ్డాడు. తెరమీద బరువనేది లేదు. గుమస్తా ముక్క అడిగింది, రంగు అడిగింది, గుద్దుకుంటుందేమో చూసింది. ఒంటికాలి మీద ఇదెలా నిలబడుతుందని ఒక్క సాఫ్ట్‌వేరూ అడగలేదు. అది సరే, వీధిలో ఒక్క మనిషైనా అడగలేదేం? ఎందుకంటే వాళ్ళు పుట్టి బుద్ధెరిగి చూసిన సగం తోరణాలన్నీ మేకులకి వేలాడినవే. నేలమీద తనంతట తాను నిలబడాల్సిన సగం తోరణాన్ని ఆ ఊళ్ళో ఎవరూ చూడనే లేదు. 'ఇన్ని పీటలు వేయించాను, ఒంటికాలి పీట ఒక్కటి వేయించి చూడలేకపోయాను' అనుకున్నాడు. ఏడుపొచ్చినంత పనయింది.

"మేకు కొట్టండి మరి" అంది ఇర్మా.

"ఇటుకకి మేకా!" పాల్లె ఒంటికాలి మీద లేచాడు. "జిగురు రాయం, కొయ్యం, మేకు కొట్టం. ఆ మాట మీదే కదా సంఘం పుట్టింది?"

తోర్వాల్డ్ మెల్లగా తలెత్తాడు. "రెండో కాలు పెడితే నిలబడుతుంది."

రెండో కాలంటే పూర్తి తోరణం.

"నీకు మతి పోయిందా?" ఇర్మా గొంతు తగ్గించింది. "రాగి పెళ్ళికి పూర్తి తోరణం పెట్టడమంటే ఏంటో తెలుసా? మీరెలాగూ వెండి పెళ్ళి దాకా ఉండరని ఆ ముసలివాళ్ళ మొహం మీదే చెప్పడం. గెర్డా గుండె పగిలిపోదూ?"

ఆ మాట తోర్వాల్డ్‌కి సూటిగా తగిలింది. అక్క కాఫీ పోస్తూ అన్న మాటలు చెవిలో గింగురుమన్నాయి. కారు కిందకి దొర్లిన ఇటుకలు ఒక్కొక్కటే ఏరాడు.

"వాళ్ళు గుమ్మం దాటుతుంటే నెత్తిన కూలే సగాన్ని నేను పెట్టలేను" అన్నాడు చివరికి. "ఏమీ లేని గుమ్మాన్నీ చూడలేను. అక్క తిడితే పడతా. చిన్నప్పట్నుంచీ పడుతున్నవేగా."

గుమస్తాలో ఒక్క మీట నొక్కితే ఎడమ సగానికి అద్దంలో బొమ్మలా కుడి సగం వచ్చేసింది. కానీ దానికి పచ్చ ఇటుకలు మిగల్లేదు. కొని తెప్పించే వ్యవధీ లేదు. సంఘం వాళ్ళంతా ఇళ్ళకి పరుగెత్తి అటకల మీది డబ్బాలు దింపారు. మనవల కోటగోడలు, మనవరాళ్ళ గులాబీ గుర్రపుశాలలు, పాల్లె ఎవర్నీ ముట్టుకోనివ్వని పసుపు ఇటుకలు, అన్నీ వచ్చాయి. మే నెల పొద్దు ఇంకా పూర్తిగా వాలకముందే కూలిన సగం మళ్ళీ అతికింది, రెండో సగమూ లేచింది. ఎడమ పక్కంతా దేవదారు పచ్చన, కుడి పక్క సంతలో గుడ్డల దుకాణం. చేతులు వదిలారు. నిలబడింది. పాల్లె భుజంతో ఒక తోపు తోసి చూశాడు. అయినా నిలబడింది.

పొద్దున్నే తోరణాన్ని మోసుకొచ్చి నిలబెట్టి, వీధంతా గెర్డా గుమ్మం ముందు చేరింది. పాటతో లేపడం ఆచారం కాబట్టి లోపల ఇద్దరూ నిద్ర నటిస్తున్నారు. వంటింట్లోంచి వేడి రొట్టెల వాసన మాత్రం నటించడంలేదు. ఒకాయన బూర ఊదాడు, అందరూ పాట ఎత్తుకున్నారు. తోర్వాల్డ్ నోరు ఆడిస్తున్నాడు గానీ కళ్ళు తలుపు మీదే ఉన్నాయి.

తలుపు తెరుచుకుంది. గెర్డా నిద్రచొక్కా మీద కోటు వేసుకుని, విగ్గో చెయ్యి పట్టుకుని గడపలో నిలబడింది. పచ్చని పక్క చూసింది. తలెత్తి గంట చూసింది. అక్కడితో ఆగిపోవలసిన తోరణం ఆగకుండా అటువైపు రంగురంగులుగా నేల దాకా దిగింది. ఆవిడ మొహంలో నవ్వు పోయింది. పాట కూడా ఒక్కొక్క గొంతే ఆగిపోయింది.

"తోర్వాల్డ్" అంది. "మాకు సగమే కదరా?"

"సగం నిలబడలేదక్కా" అన్నాడు, తల వంచుకుని. "నిన్న కూలిపోయింది. ఒట్టు. రెండోది ఆసరా ఉంటేనే మొదటిది నిలబడుతోంది. నీ మనసు నొప్పించాలని కాదే."

గెర్డా తమ్ముడి వంక చూసింది. పక్కనున్న ముసలాయన వంక చూసింది.

"విన్నావా ముసలోడా, ఏమంటున్నాడో" అంది.

"వినపడకేం. పన్నెండేళ్ళుగా నేను మొత్తుకుంటున్నదదే" అన్నాడు విగ్గో.

ఇద్దరూ చేయీచేయీ పట్టుకుని తోరణం కిందనుంచి నెమ్మదిగా నడిచి మెట్టు దిగారు. వీధి ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టింది. తోర్వాల్డ్ చొక్కా చేతితో ముక్కు తుడుచుకున్నాడు. అందరూ రొట్టెల కోసం కదలబోతుంటే గెర్డా మొగుణ్ణి గిరుక్కున వెనక్కి తిప్పి, మళ్ళీ లోపలికి లాక్కుపోయి, ధడాలున తలుపు వేసుకుంది.

జనం మొహాలు చూసుకున్నారు. ఇర్మా తోర్వాల్డ్‌ని మోచేత్తో పొడిచింది. "చెప్పానా! ఏడుస్తోందేమో."

లోపల్నుంచి గెర్డా గొంతు ఖంగుమంది.

"ఏంట్రా ఆ మౌనం? ఇందాక రాగి పెళ్ళికి వచ్చాం. ఇప్పుడు వెండి పెళ్ళికి వస్తున్నాం. పాడండి!"