మేడ మీదికి కనబడని ఫోల్డర్

మా ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే ముందు నన్ను పిలుస్తారు, ఆ తర్వాతే నెట్టు కంపెనీ మనిషిని. ఇది గొప్పకే చెబుతున్నాను. కష్టపడి నేర్చుకున్న విద్య, దాచుకోవడం ఎందుకు?

మాది తిరుపతి. మా ఆయన పెండ్లి ఫొటోలు తీస్తాడు. కొండ మీద పెండ్లి అయినా, కింద కల్యాణ మండపంలో అయినా, ముగియగానే కెమెరా కార్డులన్నీ తెచ్చి నా టేబుల్ మీద పోసి నిద్రపోతాడు. ఆల్బమ్ పని అక్కడి నుంచి మొదలవుతుంది. ఫొటోలు ఏరడం, పేజీలు కట్టడం నా పని. రంగులు సరిచేయడం అక్క పని. అక్క అంటే మా తోడికోడలు, మా ఆయన అన్న భార్య. వాళ్ళు మేడ మీద ఉంటారు, మేము కింద. పసుపు రాసిన ముఖానికీ, పసుపు లైటు పడ్డ ముఖానికీ తేడా నాకు తెలియదు. ఆమెకు ఒక్క చూపులో తెలుస్తుంది. ఆ విషయంలో నేను ఆమె ముందు దిగదుడుపే, ఒప్పుకుంటాను.

ఫొటోలన్నీ నా కంప్యూటర్లో ఉంటాయి. ఆ ఫోల్డర్ ఆమెకు పైనుంచి కనబడేలా నేనే ఏర్పాటు చేశాను. ఆమె అక్కడే తెరిచి, రంగులు దిద్ది, సేవ్ చేస్తే ఇక్కడ నా దగ్గరికి వచ్చేస్తుంది. ఎన్నో పెండ్లిళ్ళు అలాగే మెట్లు ఎక్కకుండా, దిగకుండా గడిచిపోయాయి.

ఈమధ్య అన్నదమ్ములు వేరుపడ్డారు. గొడవేమీ లేదు. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, ఒక వంటగది చాలలేదు. పెద్దమనుషులు నలుగురు కూర్చుని అన్నీ పంచారు. వంట వేరు, కరెంటు మీటరు వేరు, బోరు మోటారు వేసే వేళలు వేరు, బండ్లు పెట్టే చోటు వేరు. మా ఆల్బమ్ పని మాత్రం ఎవరూ పంచలేదు. పంచడానికి అదొకటి ఉందని వాళ్ళకు తోచనే లేదు. అప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఆ తర్వాత ఆలోచిస్తే అదే మేలనిపించింది. ఆ ఇంట్లో ఉమ్మడిగా మిగిలింది అదొక్కటే.

వేరుపడ్డ కొత్తలో మా వైపు ఒక పద్ధతి ఉంది. పిలవందే అవతలి గడప తొక్కరు. తొక్కితే, ఏం వండుకున్నారో చూడడానికి వచ్చిందంటారు. అక్కా, నేనూ ఆ పద్ధతిని తు.చ. తప్పకుండా పాటించాం. ఫోన్లు కూడా ఆగిపోయాయి. వారధి మా ఆయనే.

ఒక సోమవారం ఆయన మెట్లు దిగి వచ్చి చెప్పాడు. "వదినకు ఫోల్డర్ తెరుచుకోలేదంట. సూడు."

నిన్నటిదాకా తెరుచుకున్నదానికి ఉన్నట్టుండి ఏమొచ్చిందా అనుకుంటూ నా కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. ఫోల్డర్ షేరింగులోనే ఉంది. వైరస్ సాఫ్ట్‌వేర్ అడ్డుపడుతోందేమోనని దాన్ని కాసేపు పక్కన పెట్టాను. పాస్‌వర్డ్ మళ్ళీ రాసి పైకి పంపాను. రాలేదని జవాబు. కేబుల్ మార్చాను. రాలేదు. నా ల్యాప్‌టాప్ తీసి కింద హాల్లోంచి చూస్తే అదే ఫోల్డర్ దర్జాగా తెరుచుకుంది. అంటే నా వైపు ఏ లోపమూ లేదు. లోపం మేడ మీద ఉంది. నేనేమో మేడ మీదికి పోను. ఆమె కిందికి రాదు. ఇద్దరం ఎవరి కొసన వాళ్ళం కూర్చుని రెండు రోజులు తంటాలు పడ్డాం. నెట్టు కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళ మనిషి వచ్చి కింద మా రౌటర్ పెట్టెలో వెలుగుతున్న దీపాలు చూసి, అంతా బాగుందని చెప్పి వెళ్ళాడు.

ఈలోగా సత్యవేడు వాళ్ళ ఆల్బమ్ నా నెత్తిన కూర్చుంది. శుక్రవారం పేజీలు చూడడానికి వస్తామన్నారు. సరే, ఫోల్డర్ బాగయ్యేదాకా ఆగేదెందుకని ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో వేసి మా ఆయనతో పంపాను. ఎలా పోయిందో అలాగే తిరిగి వచ్చింది.

"ఏమనింది?"

"నాకేమన్నా ముష్టి ఏస్తా ఉండారా అనింది," అని చెప్పి, చెప్పకూడనిది చెప్పినట్టు తల గోక్కున్నాడు. తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. "నాయుడుపేటలో ఎవురో స్టూడియో వాండ్లు ఆల్బమ్ పనికి మనిషి కావాలన్నారంట. వదిన వాండ్లతో మాట్లాడిందంట. అన్న చెప్పినాడు."

నాకు భయమేసింది. రంగులు దిద్దే మనిషి పోతుందన్న భయం ఒక్కటే కాదది. మనసుకు పట్టిన మనిషి పోతుందన్న భయం. ఏ ఫొటోలో పెండ్లికూతురు నిజంగా నవ్విందో, ఏ ఫొటోలో నవ్వమంటే నవ్విందో ఇద్దరం ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళం. ఆ మాటలు ఇంకెవరితో మాట్లాడాలి? మా ఆయనతోనా?

కొంగు దోపుకుని పిలవకుండానే మెట్లెక్కాను.

అక్క తలుపు తీసింది. కూర్చోమనలేదు. నేరుగా కంప్యూటర్ దగ్గరికి తీసుకుపోయి తెర చూపించింది. ఇంగ్లీషులో ఒక పెట్టె. దీన్ని వాడడానికి మీకు అనుమతి లేకపోవచ్చు, ఉందో లేదో నిర్వాహకుణ్ణి అడిగి తెలుసుకోండి అని దాని అర్థం.

"ఇది నువ్వు రాయించిందే గదా," అంది.

"నేను రాయడమేంది అక్కా? యాడ ఏ తప్పు జరిగినా ఆ ముదనష్టపు కంప్యూటర్ ఇదే మాట సెప్తాది."

"మరి నిర్వాహకురాలివి నువ్వే గదా. నాకు అనుమతి లేదని అది అంటా ఉంటే నన్నేం అనుకోమంటావు?"

నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మూడు రోజులుగా ఆ పెట్టె రోజూ ఆమె ముఖాన అదే మాట కొడుతోంది. నేను మెట్ల కింద కూర్చుని పాస్‌వర్డులు రాసి పంపుతున్నాను. ఆమె స్థానంలో నేనున్నా అదే అనుకునేదాన్ని.

ఆమె కుర్చీలో కూర్చుని పని మొదలుపెట్టాను. అక్కడ కూర్చుంటే మాత్రం నాకు తిరుగులేదు. రెండు కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడాలంటే రెండూ ఒకే వీధిలో ఉండాలి. ప్రతి కంప్యూటర్‌కూ నెట్‌వర్క్‌లో ఇంటి నంబరు లాంటి అంకెలు కొన్ని ఉంటాయి. నా దాని అంకెలు నాకు నోటికి వచ్చు. ఆమె దానివి తెరిచి చూశాను. మొదటి అంకెలన్నీ ఒకటే, మూడో అంకె దగ్గర వేరు. నాది సున్నా వీధి, ఆమెది ఒకటో వీధి. ఒకే ఇంట్లో రెండు వీధులు ఎప్పుడు పుట్టాయి?

తల తిప్పి చూస్తే టీవీ కింద దొరికింది. కొత్త రౌటర్, నల్లగా నిగనిగలాడుతూ. దాని నుదుట పసుపు, కుంకుమ బొట్టు.

"బావ తెచ్చినాడా?"

"ఆదివారం తెచ్చినాడు. అన్నీ వేరయినాక నెట్టు మాత్రం ఎందుకు ఉమ్మడిగా ఉండాలన్నాడు. మీ పెట్టె నుంచి ఒక కేబుల్ తీసి దీనికి పెట్టించినాడు. నెట్టు బాగనే వస్తా ఉండాది."

నెట్టు వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. ఆ కొత్త పెట్టె తన ఇంటికి తానే యజమానిననుకుని, మేడ మీది కంప్యూటర్లన్నిటికీ తన సొంత అంకెలు పంచి, కింది వాటిని లెక్కలోంచి తీసేసింది. మీటరు వేరు, మోటారు వేరు, ఇప్పుడు ఇది. మా బావ పంపకం చేస్తే చేసినట్టుంటుంది.

బావ అప్పుడే లోపలికి వచ్చాడు. సంగతి చెప్పాను. కేబుల్ ఒక రంధ్రంలోంచి పక్క రంధ్రంలోకి మార్చి, కొత్త పెట్టెలో అంకెలు పంచే పని ఆపేస్తే సరిపోతుందన్నాను.

"అంటే నా పెట్టె మీ పెట్టె మాట ఇనాల్నా?"

"బావా, పేరు మీదే, పాస్‌వర్డ్ మీదే, బొట్టు గూడా మీదే. అంకెలు పంచే ఊడిగం ఒకటి కింది దానికి వదిలేయండి. అది పొద్దస్తమానం చాకిరీ. మీకెందుకు?"

ఆయన, చాకిరీ కింది వాళ్ళకే పోతుందన్న మాట నచ్చినట్టు తల ఊపాడు. నేను కేబుల్ మార్చి, ఆ పెట్టె సెట్టింగుల్లోకి పోయి, ఆపాల్సింది ఆపి, కంప్యూటర్ మళ్ళీ పెట్టాను. ఇది బయటి నెట్‌వర్కా, ఇంటిదా అని అడిగింది. ఇంటిదే అని నొక్కాను. ఊపిరి తీసేలోపు నా కంప్యూటర్ పేరు ఆమె తెర మీద కనిపించింది. దాని మీద నొక్కితే ఫోల్డర్ తెరుచుకుంది. సత్యవేడు పెండ్లికూతురు పట్టుచీరలో వందల ముక్కలుగా ప్రత్యక్షమైంది.

గర్వంగా కుర్చీలోంచి లేచి అక్కకు చోటిచ్చాను. శుక్రవారం పని గట్టెక్కింది, ఇక మళ్ళీ ఫోన్లో ముచ్చట్లు మొదలవుతాయనుకున్నాను.

ఆమె కూర్చుంది. ఫొటో ఒక్కటీ తెరవలేదు. మొత్తం ఫోల్డరు పట్టుకుని తన కంప్యూటర్‌లోకి కాపీ పెట్టింది. సత్యవేడు వాళ్ళది ఒక్కటే కాదు, ఇద్దరం చేసిన వాటిలో అక్కడున్న పెండ్లిళ్ళన్నీ. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా కదలడం మొదలైంది.

నెట్‌వర్క్ బాగు చేశాను గానీ ఆమెకు నా మీద నమ్మకం రాలేదు. పోవడానికి సర్దుకుంటోందా? ఒక మాట అనేద్దామని నోరు తెరిచాను కూడా.

ఆమె తెర మీంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది. "అందరూ వేరుపడినారు, వాండ్లకు వాటాలు వచ్చినాయి. నాకు ఈ పనొకటే మిగిలింది. ఫొటోలన్నీ నీ కాడ ఉండాయి. నువ్వు వద్దంటే నా సేతిలో ఏముండాది? పిలిస్తే నాయుడుపేటకు పోదామనే అనుకున్నా. వాండ్లు ముందు నేను సేసినవి సూపించమన్నారు. సూపించడానికి నా కాడ ఒక్కటి గూడా లేదమ్మీ."

ఇన్ని పెండ్లిళ్ళ ముఖాలకు రంగు దిద్దిన మనిషి. ఆల్బమ్ చివరి పేజీలో మా ఆయన పేరు వేసేదాన్ని. ఆమె పేరు ఎక్కడా ఉండేది కాదు. నాదీ ఉండేది కాదు, కానీ నా దగ్గర ఫొటోలుండేవి.

"అవి సగమే అక్కా," అన్నాను. "పాత పెండ్లిళ్ళు ఇంకో డిస్కులో ఉండాయి. దాన్ని గూడా తెరుస్తా, ఉండు."

కిందికి దిగి ఆ డిస్కు కూడా షేరింగులో పెట్టి, మళ్ళీ మెట్లెక్కి వచ్చాను. ఈసారి ఆమె కుర్చీ కొంచెం పక్కకు జరిపి, వంటింట్లోంచి స్టూలు తెచ్చి వేసింది. ఇద్దరం కూర్చుని ఆమె పని అంతా ఆమె దగ్గరికి వచ్చేదాకా చూశాం.