గొర్లు కాస్త అని రాయి

తాండూరు గొర్రె ఒకటి వికారాబాద్ కంప్యూటరుకు బుద్ధి చెప్పింది. సరే, గొర్రె కాదు, దాన్ని కాసే హన్మమ్మ. గొర్రె పక్కన నిలబడి అరిచిందన్న మాటను మాత్రం వెనక్కి తీసుకునేది లేదు.

హన్మమ్మకు యాభై నాలుగేళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ క్యాన్సరని తేలి, ఆపరేషనై నెల దాటింది. ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవడం లేదు. మందను మళ్లించే కట్టె పట్టేది ఆ చేత్తోనే.

కొడుకు పరమేశ్ ఫోనులో ఒక వెబ్‌సైటు తెరిచాడు. వికారాబాద్‌లోని క్యాన్సర్ సహాయ కేంద్రం నడిపేది అది. వివరాలు నింపితే ఎవరికి తగిన సలహా వాళ్లకు పంపుతుంది. అమ్మ వివరాలు నింపి, వచ్చింది చదివాడు: "రోజూ అరగంట నడవండి. బరువులు ఎత్తకండి. వంటపనిలో ఇంట్లోవాళ్ల సాయం తీసుకోండి."

"అరగంటనా? గొర్లెంబడి పొద్దంత నడిచేదాన్ని! గిది నాకు చెప్పిన మాట కాదుర."

"నీకేనే అమ్మా, నీ పేరే ఉంది. ఇగ మందనెట్ల కాస్తవ్? మంగళవారం అంగట్ల అమ్మేద్దాం."

"అమ్ముడు తర్వాత. నా గురించి ఏం రాసినవో సదువు."

వయసు సరిగ్గానే ఉంది. ఆపరేషన్ తేదీ కూడా. పని అన్నచోట మాత్రం 'గృహిణి' అని ఉంది. రేషన్ కార్డు మొదలు ఆస్పత్రి చీటీ దాకా ఆ ఇంట్లో ఆమెకు రాసేది అదే.

"నలభై ఏండ్ల సంది నేను కాసింది గొర్లనా, గిన్నెలనా? కొట్టెయ్. గొర్లు కాస్త అని రాయి. ముండ్లకంపల తిరుగుత, గొర్రెపిల్లల్ని సంకనెత్తుకుంట, కట్టె ఎడమచేత్తోనే పడ్త అని రాయి."

"గన్నిటికి జాగ లేదే!"

"దొరికేదాక రాయి."

మర్నాడు కేంద్రం నుంచి నర్సు ప్రణవి ఫోన్ చేసింది. "అమ్మా, వెనక అరిచేదెవరు?"

"గదే నా నౌకరీ, బిడ్డా. అమ్మాల్నా, ఉంచాల్నా చెప్పు."

ప్రణవి పగలబడి నవ్వింది. తర్వాత కుట్ల సంగతి, వాపు సంగతి ఓపికగా అడిగింది. డాక్టరుతో మాట్లాడి సాయంత్రం మళ్లీ చేసింది. "ఎందుకమ్మాలి? ఇప్పటికైతే మంద మళ్లించేది పరమేశన్న, వెంట నడిచేది మీరు. డాక్టర్ సరే అనేదాక పిల్లల్ని ఎత్తొద్దు. ముల్లు గీరితే కడిగి కట్టు కట్టండి. ఎర్రబడినా, చెయ్యి ఉబ్బినా వెంటనే రావాలె. చెయ్యి మళ్లీ లేవాలంటే రోజూ గోడ మీద ఆ చేతి వేళ్లను మెల్లగా పైకి పాకించండి, నొప్పైతే ఆపండి."

దొడ్డికి నాపరాళ్ల గోడ ఉంది. గొర్రెల వీపున గుర్తు పెట్టే ఎర్రరంగుతోనే, వేళ్లు అందిన చోటల్లా హన్మమ్మ గుర్తు పెట్టింది. మొదటి రోజు ఛాతీ ఎత్తు. కొన్ని రోజులు కిందికీ జారింది. ఆ గుర్తునూ చెరపనివ్వలేదు. మూడు నెలల్లో గోడ దాటి మబ్బుల్లోకి వెళ్లిందంటారు. పోనీ, గోడ అంచు దాకా.

వెబ్‌సైటులో ఇప్పుడు 'మీ పని మీ మాటల్లో చెప్పండి' అని కొత్త గడి ఉంది.

ఈ సంగతి అడిగితే హన్మమ్మ ఎడమచేత్తో కట్టె తలపైకెత్తి, ఇరవై గొర్రెలను రోడ్డు దాటిస్తూ అంటుంది:

"అంత ఉత్తదే. నాకు చెయ్యెప్పుడు నొయ్యలే. ఫోనెట్లుంటదో తెల్వదు. గొర్లా? నాకు గొర్లే లెవ్వు."